రెండంగుళాల శ్రుతి

ఆ ఉదయం మంచు కిటికీ సగం దాకా పేరుకుంది. పొయ్యి మీద మిసో చారు కాగుతుంటే కినుయే, భర్త వేణువు తుడుద్దామని సంచీ విప్పింది. మామూలుగా తొకుజి దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వడు. ఆయన వాకిట్లో మంచు ఎత్తిపోస్తున్నాడు. వేణువు ఎందుకో పొడుగ్గా అనిపించింది. అల్మారా అడుగున పాతది వెతికి తీసి పక్కన పెట్టి చూసింది. రెండంగుళాల తేడా ఉంది.

వేణువు పొడుగైతే శ్రుతి దిగుతుందని ఆమెకొకరు చెప్పక్కర్లేదు. యాభై ఏళ్ళుగా ఆయన ఊదుతుంటే తమ అకితా సీమ జానపదాలు పాడుతున్న మనిషి. "డెబ్బై దాటినా గొంతు చెక్కుచెదరలేదు" అని ఊరంతా అంటుంటే ఎంత మురిసిపోయిందని! ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచండీ ఈ నాటకం?"

గుమ్మంలో టోపీ దులుపుకుంటున్న తొకుజి అలాగే ఆగిపోయాడు. "మూడేళ్ళయింది. ఏడాదికో వేణువు మార్చి కాస్త కాస్త దించాను."

"అంటే నా పాటకి వాయించే నువ్వు కూడా షామిసెన్ తీగలు దించావన్నమాట!" పొయ్యి దగ్గరున్న కూతురు మిజుహో వైపు తిరిగింది కినుయే.

"నాన్నని తిట్టకమ్మా."

"నా గొంతు సంగతి నాకు తప్ప అందరికీ తెలుసు. బాగుంది!"

"చెబితే పాడటం మానేస్తావని భయపడ్డానే," అన్నాడు తొకుజి మెల్లగా.

"ఆదివారం నా యాభయ్యో ఏటి కచేరీ. పాత శ్రుతిలోనే పాడతాను. ఊదండి!"

ఆయన పాత వేణువు అందుకుని ఊదాడు. పై స్థాయికి వెళ్ళగానే కినుయే గొంతు జీరపోయింది. మళ్ళీ ఎత్తుకుంది. మూడోసారి గాలి తప్ప ఏమీ రాలేదు. చాప మీద కూలబడి ఏడ్చేసింది.

"కచేరీ లేదని చెప్పెయ్యండి."

మిజుహో వచ్చి పక్కన కూర్చుంది. "పొడుగు వేణువుకి రంధ్రాలు ఎడంగా ఉంటాయమ్మా. నాన్న వేళ్ళు ఎప్పుడైనా చూశావా?"

కినుయే ఆయన చెయ్యి లాక్కుని చూసింది. కణుపులన్నీ వాచి ఉన్నాయి.

"మంచు పార వల్ల అన్నారుగా?"

"అదీ ఉందిలే," అన్నాడాయన, చెయ్యి వెనక్కి తీసుకోబోతూ.

ఆమె వదల్లేదు. వేడినీళ్ళలో తువ్వాలు ముంచి, పిండి, ఆ వేళ్ళకి చుట్టింది. ఇన్నేళ్ళూ తన గొంతునే చూసుకున్నందుకు సిగ్గేసింది.

ఆదివారం హాలు నిండిపోయింది. కినుయే వేదిక అంచుకి వచ్చి వంగి నమస్కరించింది.

"మూడేళ్ళుగా నా శ్రుతి దిగుతూ వచ్చింది. దించిందీ దాచిందీ మా ఆయనే," అనగానే జనం నవ్వారు. "ఇవాళ ఆయన వేళ్ళకి సెలవు. నా గొంతు ఎక్కడ నిలబడితే అదే శ్రుతి."

వేణువు లేకుండానే ఎత్తుకుంది. గొంతు కిందుగా, నిబ్బరంగా సాగింది. మొదటి చరణం అయ్యాక, పాటకి ఊపునిచ్చే బదులు కేక ఎప్పటిలా వెయ్యాల్సింది మిజుహో. ఆమె పెదవి కదపకుండా, వేదిక మీద పక్కనే కూర్చున్న తండ్రి వంక చూసింది.

"హా... ఒయిసా!" అన్నాడు తొకుజి, బొంగురుగా.

యాభై ఏళ్ళుగా ఆమె పాడినంతసేపూ ఆయన నోట్లో వేణువే ఉండేది. తన పాటలో మొగుడి గొంతు వినడం కినుయేకి అదే మొదటిసారి. కళ్ళు నిండి తర్వాతి చరణం మర్చిపోయింది. అది గుర్తొచ్చేదాకా ఆయన మళ్ళీ మళ్ళీ కేక వేస్తూనే ఉన్నాడు.