నెమలిగట్టులో పలకరాని భాష

ఆ ఏటి వేసవి అంతా నెమలిగట్టు దుర్గం చుట్టూ శత్రువుల డేరాలే. తూర్పున ఏటి ఒడ్డు మొదలుకొని పడమట తుమ్మల అడవి దాకా, కొత్తళాల మీద నిలబడి ఎటు చూసినా తెల్లని గుడ్డల గుడారాలు, వాటి నడుమ పొయ్యిల పొగ, కట్టుగొయ్యలకు కట్టిన వేలాది గుర్రాలు, ఆ గుర్రాల వెనుక ఏనుగులు కనిపించేవి. కోటలో జొన్నలు అడుగంటుతున్నాయి. బావిలో చేద వేస్తే నీళ్లకంటె ముందు ఇసుక వస్తోంది. రాబందులు ఏ శవమూ లేకుండానే ప్రాకారం మీద వచ్చి కూర్చుంటున్నాయని, ఇది మంచి శకునం కాదని ఆడవాళ్లు గుసగుసలాడుకుంటున్నారు. అయినా ఉత్తరదేశపు సుల్తాను బలగం ఆ గోడలో ఒక్క రాతినైనా కదపలేకపోయింది. అందుకు కారణం సేనాపతి వెన్నమనాయుడు. అంతటి వీరుణ్ణి శత్రువు ఎవడూ పడగొట్టలేదు సుమా! ఎవరు పడగొట్టారో చెప్పడానికే నాకు నోరు రావడం లేదు, కాని చెప్పక తప్పదు.

వెన్నమనాయుడు పడుచుతనంలో ఒక యుద్ధంలో పట్టుబడి, సుల్తాను గుర్రపుసాలలో ఏళ్ల తరబడి పేడ ఎత్తినవాడు. పారసీక భాష అతనికి అక్కడే వచ్చింది. పంతులు లేడు, పలక లేదు. తప్పు మాట వస్తే కొరడా, మాట కుదిరితే రొట్టె. గుర్రాన్ని తిట్టడం ముందు వచ్చింది, బతిమాలడం తరువాత వచ్చింది, సాటి బానిసలతో రొట్టెకోసం బేరమాడడం ఆ తరువాత వచ్చింది. పెద్దల ఎదుట వంగి మాట్లాడే మర్యాద మాటలు మాత్రం అన్నిటికన్నా చివర, అదీ అంతంత మాత్రమే వచ్చాయి. అక్కడినుంచి తప్పించుకొని వచ్చేటప్పుడు దావూదు అనే తురుష్క అశ్వవైద్యుడు కూడా స్నేహం చంపుకోలేక అతని వెంట వచ్చేశాడు. ఇక్కడే పెళ్లాడి, ఇక్కడి జొన్నరొట్టె తిని, తెలుగు మాటలు మనకంటె చక్కగా మాట్లాడేవాడు.

సొంతగడ్డకు వచ్చిన కొన్నాళ్లకు వెన్నమనాయుడు ఒక ఉదయం సాలలో నిలబడి, గుర్రపు డెక్కను పారసీకంలో ఏమంటారో గుర్తుకు రాక నిర్ఘాంతపోయాడు. నిన్నటి దాకా నాలుక మీద ఉన్న మాట! అది ఎటు పోయిందో తెలియలేదు. ఇలా ఒక్కొక్కటే జారిపోతే, రేపు ఆ గడ్డ మీది నుంచి దండు వచ్చిపడిననాడు వాళ్ల మనసు తెలిసినవాడు కోటలో ఎవడుంటాడని భయం పుట్టింది. అప్పటినుంచి ప్రతి వేకువనా గుర్రాలకు మాలీసు చేస్తూ, దావూదుతో ఆ భాషలోనే పోట్లాట పెట్టుకునేవాడు. ఉలవలు ముందు పెట్టాలా, నీళ్లు ముందు పెట్టాలా అన్నదాని మీద కూడా ఇద్దరూ గొంతులు చించుకునేవారు. భటులు చేరి, "మళ్లీ మొదలెట్టారురా మామా అల్లుళ్లు!" అని నవ్వుకునేవారు.

"పొగడ్తలు ఎవడైనా బట్టీపట్టి అప్పచెబుతాడు నాయుడా! కోపం వచ్చినప్పుడు తడుముకోకుండా నీ నోట వచ్చిందే నీకు వచ్చిన భాష" అనేవాడు దావూదు.

ఈ పోట్లాట వింటూ మనసులో కత్తులు నూరుకునేవాడు ఒకడున్నాడు. అతడు కొమ్మయప్రెగ్గడ, నెమలిగట్టు మహామంత్రి. సుల్తానుకు కోటను అప్పగించి, తాను దానికి అధిపతి కావాలని అతని తపన. పరభాషను తెలుగు చేసి చెప్పే ఆస్థాన దుబాసి లక్కన అతని మేనల్లుడే. మధ్యవర్తి చేతిలోనే ఉన్నాడు కనుక పని సులువే. కాని కోటలో ఆ భాష తెలిసిన చెవి ఇంకొకటి ఉన్నంతకాలం దుబాసి ఎలా అబద్ధమాడగలడు? అందుచేత మంత్రి రాజు చెవిలో ఇల్లు కట్టుకొని పోరడం మొదలుపెట్టాడు.

రాజు ముప్పభూపాలుడు చిన్నవాడు, శూరుడు, విలువిద్యలో అతనికి సాటి లేడు. చెప్పుడు మాటలు వినడం ఒక్కటే అతనికి పట్టిన శని. ఒకనాడు నిండుసభలో కొమ్మయప్రెగ్గడ లేచి చేతులు జోడించాడు.

"దేవరా, ఈ సేవకుని విన్నపం చిత్తగించాలి. ఏ నోటినుంచి మన ఆడబిడ్డల మీద తిట్లు వస్తున్నాయో, ఏ నోటినుంచి మన గుళ్లను కూల్చమనే ఆజ్ఞలు వస్తున్నాయో, ఆ భాష ప్రతి ఉదయం మన సేనాపతి నోట, మన కోటలోనే మోగుతోంది. ఒక తురుష్కుడు, ఒక సేనాపతి, ఎవరికీ అర్థంకాని మాటలు! వారు ఏం చెప్పుకుంటున్నారో ఏలినవారికి తెలుసా? నాకు తెలుసా? ఉలవల సంగతి అంటారు. కావచ్చు. కాని ఉలవల సంగతి తెలుగులో చెప్పుకోరాదా?"

సభ అంతా ఒక్కసారి సేనాపతి వైపు తిరిగింది. వెన్నమనాయుడు ముందుకు వచ్చి మోకరిల్లాడు.

"మహాప్రభూ, కత్తికి నూనె రాయకపోతే తుప్పు పడుతుంది. పరభాషా అంతే, రోజూ తీసి తుడవకపోతే చేతికి రాదు. దుబాసి ఒక్కడే ఉన్న కోట ఒంటికంటి కోట. రేపు ఆ ఒక్క కన్ను మూసుకుంటే మనకు దిక్కేది? నా మీద అనుమానం ఉంటే పక్కన నలుగురిని కూర్చోబెట్టి వినమనండి, వారికీ నేర్పుతాను. పాతికమంది భటులకు ఆ భాష వస్తే పాతిక కొత్తళాలు కట్టినంత బలం."

"పాతికమంది!" అంటూ మంత్రి నిట్టూర్చాడు. ఆ ఒక్క నిట్టూర్పుతో పని ముగిసింది.

ఆ దినమే చాటింపు వేశారు. దుబాసి లక్కన తప్ప, దుర్గంలో ఎవడూ తురుష్కుల భాషలో ఒక్క మాటైనా పలకరాదు. దావూదును గొలుసులు వేసి ధాన్యపు గదుల కింది చెరలో పడేశారు. వెన్నమనాయుడి చేత కోటతల్లి అమ్మవారి ఎదుట కత్తి పట్టించి ప్రమాణం చేయించారు. జనం మహా సంబరపడిపోయారు, శత్రువును సగం గెలిచినట్టే అనుకున్నారు. ఎంత పిచ్చివాళ్లు!

వెన్నమనాయుడు ప్రమాణం తప్పే మనిషి కాడు. సాలలోకి వెళ్లినా పెదవి కదపలేదు. కాని పగలంతా కొత్తళం మీద నిలబడి, కింద శత్రువుల గుర్రాలను నీళ్లకు తోలేవాళ్ల కేకలు, నాడాలు కొట్టేవాళ్ల తిట్లు చెవులు రిక్కించి వినేవాడు. గాలి ఇటు వీస్తే మాటలు అందేవి, అటు వీస్తే పోయేవి. వింటున్న కొద్దీ అతనికి దిగులు పట్టుకుంది. గుర్రాల మాటలు అలాగే ఉన్నాయి. మర్యాద మాటలు, రాచకార్యాల మాటలు ఒక్కొక్కటే పొగమంచులో కలిసిపోతున్నాయి. జవాబు చెప్పే మనిషి లేకపోతే భాష నిలవదని అతనికి అప్పుడు తెలిసివచ్చింది, ఏం లాభం?

ఇంతలో సుల్తాను దూత సంధికి వచ్చాడు. నెమలిగట్టులో ఒక కట్టుబాటు ఉండేది. పరరాజు దూత రాజు ఎదుట తప్ప మరెక్కడా నోరు విప్పరాదు. చాటున ఎవరూ అతనితో కుట్ర చేయకుండా వెనకటి పెద్దలు పెట్టిన జాగ్రత్త అది. పాపం ఆ పెద్దలకేం తెలుసు, నిండుసభలోనే, రాజు కళ్లెదుటే కుట్ర నడుస్తుందని!

దూత రాజుకు మూడు సలాములు చేసి, చిరునవ్వు చెదరకుండా చాలాసేపు మాట్లాడాడు. లక్కన వినయంగా తెలుగు చేశాడు: "ఏలినవారి శౌర్యానికి సుల్తాను ముచ్చటపడ్డారట. రేపు మిట్టమధ్యాహ్నం తూర్పు ద్వారం తెరిస్తే, కానుకలతో తమ పరివారాన్ని పంపి, చెలిమి చేసుకొని, డేరాలు ఎత్తేస్తారట."

సభలో ఊరట కనిపించింది. వెన్నమనాయుడి ముఖం మాత్రం పాలిపోయింది. దూత వాక్యాల్లో సగం అతనికి అందలేదు. అందిన సగం చాలు.

"దేవరా! ఇతడు అన్నది అది కాదు!" అని కేక పెట్టాడు. "కానుకల మాటే లేదు. గుర్రపుదండు అన్నాడు. మంత్రి అన్నాడు. కోట అతనికి, గొలుసులు రాజుకు అన్నాడు. అన్ని మాటలూ నాకు పట్టుబడలేదు, అబద్ధం చెప్పను. దావూదును పిలిపించండి. దూతను మళ్లీ చెప్పమనండి. తప్పని తేలితే నా తల తీయించండి!"

కొమ్మయప్రెగ్గడ తొణకలేదు, బెణకలేదు.

"దేవరా, న్యాయం తమరే చెప్పాలి. సేనాపతి మన ఆజ్ఞ పాటించి ఆ భాషను విడిచిపెట్టి ఉంటే, ఈపాటికి మరిచిపోయి ఉండాలి. మరిచినవాడి సాక్ష్యం చెల్లదు. మరవలేదూ అంటే, ప్రమాణం తప్పి చాటున మాట్లాడుతున్నాడన్నమాట. ప్రమాణం తప్పినవాడి సాక్ష్యమూ చెల్లదు. ఇక తురుష్కుడి మాటకు తురుష్కుణ్ణే సాక్షిగా పిలవమంటున్నాడు. భేషుగ్గా ఉంది!"

రాజు కళ్లు ఎర్రబడ్డాయి. "వెన్నమా, నిజం చెప్పు. ఎలా నిలిచింది నీకు ఆ భాష?"

"ప్రభూ, ఏలినవారు నా నోటికి ఆజ్ఞ వేశారు, దాన్ని శిరసావహించాను. చెవికి వేయలేదు. రోజూ కొత్తళం మీద నిలబడి శత్రువుల మాటలు వింటున్నాను."

ఎంత అమాయకపు మాట! ఆ సభలో అంతకంటె నిజమైన మాట లేదు, అంతకంటె ప్రాణం తీసే మాటా లేదు. "విన్నారా, రోజూ వింటున్నాడట!" అన్నాడు మంత్రి.

రాజు సేనాపతి నడుమునుంచి కత్తి తీయించాడు. తూర్పు ద్వారం పక్కనున్న అతని గుర్రపుసాలలోనే అతన్ని కావలిలో ఉంచమన్నాడు. "రేపు ద్వారం పైని బురుజు మీద విల్లు పట్టుకొని నేనే నిలబడతాను. ద్రోహి ఎవడో నా కళ్లతోనే చూస్తాను" అన్నాడు. చెవికి పట్టని సంగతిని కళ్లు ఎలా చూస్తాయని ఆ చిన్నవాడికి చెప్పేవారే లేకపోయారు.

మరునాటి ఎండ నిప్పులు చెరుగుతోంది. ద్వారపు ఇనుపరెక్కలు కిర్రుమంటూ తెరుచుకున్నాయి. కానుకల బండ్లు రాలేదు. దూరాన ధూళి లేచింది. ఆ ధూళిలోనుంచి గుర్రపుదండు, బల్లేలు వంచి, దౌడు తీస్తూ బయటపడింది.

"అది వారి గౌరవవందనం ప్రభూ" అన్నాడు పక్కనున్న మంత్రి.

డెక్కల చప్పుడు విన్న వెన్నమనాయుడికి సంగతి అర్థమైంది. కావలివాళ్లు అతని చేతికింద పెరిగినవాళ్లే, అడ్డుపడలేదు. వట్టి చేతులతో ద్వారం దగ్గరికి పరుగెత్తి, "నేను వాళ్లను ఆపుతాను, మీరు రెక్కలు వేసెయ్యండిరా, నా కోసం చూడకండి!" అని భటులతో చెప్పి, బయటికి దూకాడు. పైన బురుజు మీదికి ఆ మాట వినపడలేదు. అంత బరువైన రెక్కలు మూయడానికి కొంత వ్యవధి కావాలి. ఆ వ్యవధి సంపాదించడానికి అతని దగ్గర కత్తి లేదు, డాలు లేదు, దావూదుతో పోట్లాడి నిలుపుకున్న నాలుగు గుర్రపుసాల మాటలే ఉన్నాయి.

దారి నడుమ నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, ప్రమాణం విడిచి, సుల్తాను సాలాధికారి గొంతుతో ఆ భాషలో ఉరిమాడు. ముందున్న రౌతులు కళ్లేలు బిగించారు. గుర్రాలు వెనుకకాళ్ల మీద లేచాయి. మళ్లీ ఉరిమాడు. వరస వరసంతా వెనక్కి తిరిగి, ఒకదానికొకటి గుద్దుకొని, చెల్లాచెదురైంది. వెనుక ద్వారపు రెక్కలు కదులుతున్నాయి.

రాజు పైనుంచి చూశాడు. అతనికి ఒక్క మాటా అర్థం కాలేదు. అతని సేనాపతి శత్రువుల భాషలో ఆజ్ఞ ఇచ్చాడు, శత్రువులు ఆ ఆజ్ఞను పాటించారు. అతనికి కనిపించింది అంతే.

"ఇంకా రుజువు కావాలా దేవరా? వాళ్ల సేనాపతీ ఇతడే!" అన్నాడు కొమ్మయప్రెగ్గడ.

ముప్పభూపాలుడి బాణం ఎన్నడూ గురి తప్పదు. ఆనాడూ తప్పలేదు. వెన్నమనాయుడు ముందుకు తూలి, దుమ్ములో బోర్లా పడ్డాడు. రెక్కలు తోస్తున్న భటులు తమ నాయకుడు తమ రాజు బాణానికే కూలడం చూసి, చేతులాడక నిలిచిపోయారు. రౌతుల నాయకుడూ చూశాడు. ఒక్క క్షణం తెల్లబోయి, పకపకా నవ్వి, గుర్రాన్ని ముందుకు దూకించాడు. సగం మూసిన ద్వారంలోనుంచి దండు వరదలా లోపలికి పోయింది. పొద్దు వాలేసరికి నెమలిగట్టు మీద వేరే జెండా ఎగిరింది.

కొమ్మయప్రెగ్గడ కోరిన గద్దె ఎక్కాడు. ఎక్కి ఏం బావుకున్నాడు? కొత్త ప్రభువుల ఒక్క మాటా అతనికి తెలియదు, మేనల్లుడు ఏది చెబితే అదే సుల్తాను ఆజ్ఞ. లక్కన ఆడించినట్టల్లా అతడు ఆడాడు.

ముప్పరాజును గొలుసులతో ఉత్తరదేశపు కోటలో పెట్టారు. చెరనుంచి విడుదలైన దావూదు, ఎవరూ అడగకుండానే వెళ్లి అతనికి వండిపెట్టే పనికి కుదిరాడు. "నీళ్లు అడగడం నేర్చుకో రాజా, రొట్టె అడగడం నేర్చుకో, నేను పోయాక ఎవరు తెస్తారు?" అని రోజూ పోరేవాడు. రాజు చెవులతో నేర్చుకున్నాడు, ఏళ్లు గడిచేసరికి కావలివాళ్ల ముచ్చట్లన్నీ తెలిసేవి, కాని నోరు మాత్రం తెరవలేదు. మంత్రి ద్రోహం అతనికి తెలిసిపోయింది. అయినా, "వెన్నమ మాటకు వాళ్లు ఆగారు గదా, అతనికీ వాటా ఉండే ఉంటుంది" అని ఆ ఒక్క ఊహనూ గుండెకు హత్తుకొని బతుకుతున్నాడు. అది లేకపోతే అతడు నిద్రపోలేడు.

ఒక మధ్యాహ్నం కొత్తగా వచ్చిన కావలి రౌతు ఒకడు, తలనెరిసినవాడు, భోజనాల దగ్గర కూర్చొని తోటివాళ్లకు పాత యుద్ధాల కథలు చెబుతున్నాడు.

"నెమలిగట్టు మాకు దక్కవలసింది కాదు" అన్నాడు వాడు. "ద్వారం దగ్గర ఒకడు అడ్డం వచ్చి, 'ఆగండి! ముందు గోతులు తవ్వి గడ్డి కప్పారు, గుర్రాల కాళ్లు విరుగుతాయి, వెనక్కి తిప్పండి!' అని అరిచాడు. అచ్చం మా సాలాధికారి అరిచినట్టే. మావాడే అనుకొని తిప్పేశాం. వెనుక తలుపులు మూసుకుంటున్నాయి, ఇంకొక్క క్షణం గడిస్తే ఇళ్లకు పోయేవాళ్లం. అంతలో వాళ్ల బురుజు మీదినుంచే బాణం వచ్చి వాడి వీపులో దిగింది. గోతులూ లేవు, గీతులూ లేవని అప్పుడు తెలిసింది. ఎవడో గాని ఆ బాణం వేసిన మూర్ఖుడు, కోటను పళ్లెంలో పెట్టి ఇచ్చాడు. ఎవడై ఉంటాడంటారు?"

రొట్టెలు పంచుతున్న దావూదు చేతులు ఆగిపోయాయి. మూల గొలుసులు గలగలమన్నాయి. ముప్పరాజు లేచి నిలబడి, ఆ రౌతు కళ్లలోకి చూస్తూ, తడుముకోకుండా వాళ్ల భాషలోనే జవాబు చెప్పాడు.

"నేను."