ధర్మవరం క్యానులో ఓట్లు

ఎల్లప్ప మెట్లెక్కి వచ్చిన తీరు చూసి, ఇతణ్ని ఎవరో తరుముకొస్తున్నారనుకున్నాడు ఇస్సాకు. కిటికీలోంచి తొంగి చూశాడు. హిందూపురం బజారులో ఎప్పటిలాగే చింతపండు బస్తాలు దించుతున్నారు. అంతకుమించి ఎవరూ లేరు.

"తలుపు మూయప్పా," అన్నాడు ఎల్లప్ప. అతని ఖాకీ చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయింది.

నీలావతి కుర్చీ చూపించింది. ఆమె డిటెక్టివ్ ఏజెన్సీకి వచ్చేవన్నీ దాదాపు పెళ్లి సంబంధాల విచారణలే. పెళ్లికొడుకు తాగుతాడా, పేకాడతాడా అని తేల్చీ తేల్చీ ఆమెకు విసుగొచ్చింది. ఆమె సహాయకుడు ఇస్సాకుకు మాత్రం ఇంకా రాలేదు. పోలీసు ఉద్యోగం వదులుకుని వచ్చిన మేడం ఏం చేసినా అతని కంటికి గొప్పగానే ఉంటుంది.

"నేను అమ్ముడుపోలేదు మేడం! సాయంత్రం మీటింగులో నన్ను యూనియన్ నుంచి తీసేస్తారు. ఒప్పందం మీద సంతకాలు కూడా అప్పుడే. మీరే కాపాడాల."

అతను ముందుది వెనకా వెనకది ముందూ చెప్పినా, నీలావతి ఓపిగ్గా అడిగి రాబట్టింది. అతను డ్రైవరుగా పని చేసే ప్రైవేటు బస్సుల కంపెనీ, డ్రైవర్ల ముందు కొత్త ఒప్పందం పెట్టింది. జీతం బాగానే పెరుగుతుంది. డ్యూటీలో పోయిన డ్రైవరు ఇంట్లో ఒకరికి ఉద్యోగమిస్తారు. బదులుగా బెంగళూరు రాత్రి సర్వీసులో రెండో డ్రైవరును తీసేస్తారు. తెల్లవార్లూ ఒక్కడే తోలాలి. ఒప్పుకోవాలా వద్దా అని నిన్న ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడు ఊర్లలోనూ ఓట్లు వేశారు.

కాగితం మీద రాస్తే చేతిరాత గుర్తుపట్టి కంపెనీ కక్ష కడుతుందని ఆ యూనియన్‌లో మొదటినుంచీ ఒక పద్ధతి ఉంది. ఒప్పుకుంటే శనక్కాయ, వద్దంటే చింతగింజ. పిడికిలి బిగించి తెచ్చి, పాలక్యాను మూతకు చేసిన రంధ్రంలో వేయాలి. మూతకు తాళం ఉంటుంది. దాని చెవి అధ్యక్షుడి మొలతాడుకు ఉంటుంది.

"ధర్మవరం క్యాను నేనే తెచ్చినా మేడం. నా పక్కన ఇంజిన్ బానెట్ మీద పెట్టి తాడుతో కట్టినా. పెనుకొండ దాకా సీటు దిగలా. ఆడ వెంకటక్క హోటల్లో ఇచ్చి, బండి తోలుకోని హిందూపురం వచ్చినా. తెరిచి చూస్తే అన్నీ శనక్కాయలేనంట! ధర్మవరమోళ్లు చింతగింజే వేసినామని పిల్లల మీద ఒట్టు పెడతాండారు. దోవలో క్యాను నా ఒక్కని దగ్గరే కదా ఉండేది!"

"ఓట్ల సంఖ్య?"

"సరిపోయింది. తేడా వచ్చింటే ఓటే చెల్లదనేవాళ్లు. అదే నా ఖర్మ."

అరగంటలో ముగ్గురూ పెనుకొండ బస్సులో ఉన్నారు. ఎల్లప్ప దారంతా కిటికీ ఊచ పట్టుకుని లేస్తూ కూర్చుంటూనే ఉన్నాడు. ఇస్సాకుకు జాలేసింది. నిజం చెప్పాలంటే కొంచెం అనుమానమూ వేసింది.

వెంకటక్క హోటలు పెనుకొండ బస్టాండు పక్కనే. యూనియన్ గది దాని మేడ మీద. అధ్యక్షుడు హనుమంతరాయుడు తలుపు తీసి, ఎల్లప్పను చూసి మొహం తిప్పుకున్నాడు.

"నిన్న క్యాను వచ్చేటప్పటికి మీరెక్కడున్నారు?" అడిగింది నీలావతి.

"హిందూపురం క్యాను తెచ్చేకి పోయింటి. గదికి తాళం ఉండె, అందుకే కింద వెంకటక్క దగ్గర పెట్టమన్నా. నేనొచ్చి పైకి తెచ్చి, అందరి ముందరే తెరిచినా. ధర్మవరం ఓట్లన్నీ ఇదో, ఈ సంచిలో ఉండాయి. తగువు తేలేదాకా పారెయ్యకూడదు గదా."

"కాయలు ఎవరివి?"

"మా చేనివే. నిన్న తెల్లారి పెరికినవి. మూడు ఊర్లకూ అవే పంచినా. మిగిలినవి ఉడకేసి అమ్ముకుంటాదని వెంకటక్కకు ఇచ్చినా."

నీలావతి సంచి బల్ల మీద గుమ్మరించింది. ఇస్సాకు పొద్దున్నుంచి ఏమీ తినలేదు. చేయి ఊరుకోలేదు. ఒకటి ఒలిచి నోట్లో వేసుకున్నాడు, ఇంకొకటి వేసుకున్నాడు.

"ఓట్లు తింటాండావా రా?" అని అరిచాడు హనుమంతరాయుడు.

ఇస్సాకు సిగ్గుతో చచ్చిపోయాడు. "అదికాదు మేడం, ఒకటేమో కరకరలాడింది, ఇంకోటి పాలు కారింది. అందుకే ఇంకొకటి..."

నీలావతి అతనివైపు చాలాసేపు చూసింది. కోప్పడలేదు. అందుకే అతనికి ఇంకా భయమేసింది.

కింద భోజనానికి కూర్చున్నారు. గోడ మీద ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి ఫోటోకు దండ ఉంది. వెంకటక్క భర్త మురళి. రాత్రి సర్వీసులో ఒంటరిగా తోలుతూ కునుకు పట్టి, ఆగి ఉన్న లారీని గుద్దాడు. అతను పోయాకే కంపెనీ రెండో డ్రైవరును పెట్టింది.

"చారు బాగుందమ్మా. చింతపండు ఇక్కడిదేనా?"

"హిందూపురం నుంచి గింజ తీసిందే తెప్పిస్తా మేడం. గింజలు ఒలుచుకుంటా కూర్చుంటే హోటలు నడుస్తాదా?"

"నిన్న క్యాను ఎక్కడ పెట్టావు?"

"లోపల, పొయ్యి పక్కన. ముట్టుకోలేదు మేడం."

"ఆ టైములో ఇక్కడ ఎవరున్నారు?"

"బస్సు కంపెనీ మేనేజరు కిరణ్ సారు వచ్చి టీ తాగినాడు. బయట బెంచీ మీదనే. లోపలికి రాలా."

నీలావతి చేయి కడుక్కునే నెపంతో పెరట్లోకి వెళ్లి, బూడిద కుప్ప దగ్గర ఆగింది. తిరిగొచ్చి, హనుమంతరాయుడి చేత క్యాను తెప్పించి, వెంకటక్క బుట్టలోంచి పచ్చి శనక్కాయలు నాలుగు గుప్పిళ్లు అందులో వేయించింది. "ఎల్లప్పా, మీ కంపెనీ బండి నువ్వే తోలు, ధర్మవరం వెళ్లి వద్దాం. క్యాను నిన్న పెట్టిన చోటే పెట్టు."

ఇస్సాకు బానెట్ మీద చేయి పెట్టి, చురుక్కుమని వెనక్కి తీసుకున్నాడు. ధర్మవరంలో డ్రైవర్లు బస్సును చుట్టుముట్టి ఎల్లప్పను తిట్టారు. ఒకడు చొక్కా పట్టుకోబోతే ఇస్సాకు అడ్డం నిలబడ్డాడు. నీలావతి కిందికి దిగి, వాళ్లను అడిగింది ఒక్కటే.

"ఈ కాలంలో బానెట్ మీద మీరేం పెడతారు?"

"క్యారియరు పెడతాం. పచ్చి శనక్కాయలు పెడతాం. దిగేసరికి ఎండిపోయింటాయి, తినుకుంటా పోతాం. అదేం ప్రశ్న మేడం?"

సాయంత్రం యూనియన్ గది కిక్కిరిసింది. మేనేజరు కిరణ్ ఒప్పంద పత్రాలతో ముందు వరసలో కూర్చుని, మాటిమాటికీ వాచీ చూసుకుంటున్నాడు. టీ గ్లాసుల పళ్లెంతో వచ్చిన వెంకటక్కను నీలావతి వెళ్లనివ్వలేదు.

"నిన్నటి ధర్మవరం ఓట్లు తలా ఇన్ని తీసుకోండి. ఒక్కో కాయ చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. గింజ చప్పుడైతే ఇటు, కాకపోతే అటు."

ముతక చేతుల డ్రైవర్లు కాయలు చెవులకు ఆనించి ఊపుతుంటే ఇంకెప్పుడైనా నవ్వొచ్చేది. ఇప్పుడు ఎవరూ నవ్వలేదు. గలగలమన్న కాయలు గుప్పెడైనా లేవు. చప్పుడు లేనివి కుప్ప అయ్యాయి.

నీలావతి క్యాను తెరిపించి, పగలు ధర్మవరం వెళ్లి తిరిగొచ్చిన కాయలు చూపించింది. అన్నీ గలగలమన్నాయి.

"బానెట్ మీద వచ్చిన కాయ ఎండుతుంది. ఈ చిన్న కుప్ప నిజంగా ధర్మవరం వాళ్లు వేసిన శనక్కాయలు. ఈ పెద్ద కుప్ప పచ్చిగానే ఉందంటే అసలు బస్సే ఎక్కలేదు. పెనుకొండలో, క్యాను దిగాక వేసినవి. అప్పటికి ఎల్లప్ప హిందూపురం దారిలో ఉన్నాడు."

"మరి తాళం?" అన్నాడు హనుమంతరాయుడు. అతని చేయి మొలతాడు మీదికి పోయింది. "చెవి నా దగ్గరే కదా ఉండేది!"

"తాళంతో పనిలేదు." ఆమె ఆ కాయల్ని తిరిగి క్యానులో పోసి, నాలుగు చింతగింజలు వేసి, మూత పెట్టి క్యాను తలకిందులు చేసి ఊపింది. నున్నటి గింజలు రంధ్రంలోంచి టపటపా రాలాయి. గరుకు కాయలు అడ్డంపడి లోపలే ఉండిపోయాయి. "రాలినన్ని గింజలకు అన్ని కాయలు లోపలికి తోస్తే సంఖ్య సరిపోతుంది. రాలినవి పొయ్యిలో వేశారు. గింజ తీసిన చింతపండు కొనే హోటలు బూడిదలో ఇన్ని మాడిన చింతగింజలు ఎలా వచ్చాయి, వెంకటక్కా?"

పళ్లెంలో గ్లాసులు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. ఇస్సాకు లేచి పళ్లెం అందుకున్నాడు.

వెంకటక్క గోడకు ఆనుకుని జారి కూర్చుంది. "శ్రీదేవికి ఉద్యోగం వస్తాదనుకున్నా. మొదటి పేరు మా పాపదేనని సారు చెప్పినాడు."

"ఒప్పందం గెలిస్తే ఇస్తామన్నాను, అంతే. క్యాను సంగతి నాకేం తెలుసు?" అన్నాడు కిరణ్.

"నువ్వు నోరు మూయప్పా," అన్నాడు హనుమంతరాయుడు. ఆ ఒప్పంద పత్రాలు లాక్కుని కిరణ్ ఒళ్లోనే పడేశాడు. "ఈ ఓటు చెల్లదు. మళ్లీ వేస్తాం."

వెంకటక్క కొంగుతో మొహం కప్పుకుంది. "మా ఆయన కూడా బానెట్ మీద ఎండినవే తెచ్చేటోడు. వెచ్చగా ఉండేవి. పాప ఆయన జేబులో చెయ్యి పెట్టి తీసుకునేది. ఎన్నిసార్లు తిన్నానో! నిన్న నాకు యాదికే రాలా."

ఎవరో ఆమెను తిట్టబోయారు. ఎల్లప్ప చేయెత్తి ఆపాడు. పొద్దున్నుంచి కుదురులేని మనిషి ఇప్పుడు నిలకడగా నిలబడ్డాడు.

"అక్కా, మురళన్న తోలిన సర్వీసే నాది ఇప్పుడు. ఈ పొద్దు రాత్రి నాదే డ్యూటీ. నీ ఓటు గెలిచింటే రేపట్నుంచి నేనొక్కణ్నే పోవాల్సిండె."

ఇస్సాకు తల దించుకున్నాడు. ఉదయం తను ఇతణ్ని అనుమానించాడు.

వెంకటక్క మెల్లిగా లేచి కిందికి వెళ్లింది. బెంగళూరు బస్సు కదిలే వేళకు ఫ్లాస్కు కడిగి, టీ నింపి, డ్రైవరు కిటికీ దగ్గరికి తెచ్చింది.

"తోడు ఎవరప్పా?"

"కదిరి ఆయన అక్కా. ఎనక సీట్లో పండుకోనుండాడు."

ఆమె మళ్లీ లోపలికి పోయి రెండో గ్లాసు తెచ్చి, ఫ్లాస్కుతో పాటు ఎల్లప్ప చేతిలో పెట్టింది.

"ఇద్దరికీ సరిపోతాది," అంది.