అష్టభోగాల రాయి

బయ్యన్న ఫోనులో ఉన్న ఆ ఫొటోను పినాకపాణి గారు పదిసార్లు పెద్దది చేసి చూశారు. పదకొండోసారి ఆయన కంటికి ఒక్క మాట ఆనింది. నిధి. ఆ తర్వాత ఆయనకు ఇంకే అక్షరమూ కనపడలేదు.

ఫొటోలో ఉన్నది ఒక గుహ, దాని లోపల నిలువెత్తు రాయి, రాయి నిండా పాత అక్షరాలు. నల్లమలలో పులుల లెక్క కోసం చెట్లకు కట్టిన కెమెరాలు చూసి రావడం నిమ్మల బయ్యన్న పని. దాహమై నీటి చెలిమ వెతుక్కుంటూ వెళ్లి అతను ఆ రాయిని చూశాడు. చూసి, శాసనాల సర్వే ఆఫీసుకు నలభై మైళ్లు వచ్చి చూపించాడు. అతను వచ్చింది బంగారం కోసం కాదు. వాళ్ల గూడెం జువ్విచెలిమ పెంటలో పంతొమ్మిది చెంచు గుడిసెలున్నాయి. అక్కడి భూమికి పట్టా అడిగితే అటవీ హక్కుల కమిటీ వాళ్లు, మీరిక్కడ ఎప్పటినుంచి ఉంటున్నారో రుజువేమిటి, కాగితం చూపించండి అన్నారు. ఆ అడవిలో ప్రతి వాగుకూ ప్రతి గుట్టకూ పేరు పెట్టిన వాళ్లను కాగితం అడిగారు. రెండుసార్లు అర్జీ వెనక్కి వచ్చింది. మూడోసారి కూడా తిరగ్గొడితే పెంట ఖాళీ చేయాల్సిందేనని చెప్పారు. రాయి మీద తమ పెద్దల మాట ఏమైనా ఉందేమోనని అతని ఆశ.

పినాకపాణి గారు సర్వేకు పెద్ద అధికారి. ఇరవై ఆరేళ్లు శాసనాల మధ్య జీతం తీసుకున్నారు, ఒక్క శాసనం పూర్తిగా చదివిన పాపాన పోలేదు. చదవడానికీ నకలు తీయడానికీ సుభద్ర ఉంది. ఆమెది ఏడాదికేడాది పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగం. వాళ్ల నాన్న అచ్చంపేట రిజిస్ట్రారు ఆఫీసు ముందు వేపచెట్టు కింద పెట్టె వేసుకుని దస్తావేజులు రాసిన మనిషి. ఆమెకు అక్షరం మీద గౌరవం అక్కడే అబ్బింది.

ముగ్గురూ జీపు దిగేసరికి తెల్లారి ఎండ పడుతోంది. సుభద్ర సంచిలో నకలు కాగితపు చుట్ట, పందివెంట్రుకల బ్రష్షు, మసి సిరా డబ్బా ఉన్నాయి. పినాకపాణి గారి చేతిలో ఒక మడత కుర్చీ ఉంది. బయ్యన్న భుజానికి మాత్రం గోనెలో చుట్టిన బరువైనదేదో ఎక్కించారు. నాలుగడుగులు వేయగానే అతనికి అర్థమైంది, అది గునపం. రాయి మీది రాతకు గునపమెందుకని అడిగితే, నేల శుభ్రం చేయడానికి అని జవాబు వచ్చింది. నీళ్ల క్యాను మాత్రం జీపులోనే మరిచిపోయారు.

మూడు గంటల నడక. ఇప్పపూలు రాలే రోజులు. వెదురు పొదలు దాటి, బండల మీదుగా ఎక్కుతుంటే ఒక చోట బయ్యన్న ఆగిపోయాడు. ఎదురుగా చెదపుట్ట ఒకటి కుదురు దాకా తవ్వేసి ఉంది. మట్టి ఇంకా తడిగా ఉంది. అతను వంగి అడుగులు చూశాడు. ఒకే జాడ వెళ్లింది, వచ్చింది, మళ్లీ వెళ్లింది, మళ్లీ వచ్చింది. తిరగడానికి వెళ్లే జంతువు వచ్చిన దారినే మళ్లీ మళ్లీ రాదు. ఇంటి దగ్గర ఎవరో ఎదురు చూస్తుంటేనే అట్లా వస్తుంది.

"పిల్లల తల్లి సార్. గుడ్డెలుగు. గుహలనే ఉన్నట్టున్నది. మాపటికి మేతకు ఎల్లిపోతది, గప్పుడు లోపలికి పోదాం" అన్నాడు బయ్యన్న.

పినాకపాణి గారు నవ్వారు. కథలు చెప్పి రోజు కూలి పెంచుకోవడం వీళ్లకు అలవాటేనని సుభద్రతో అన్నారు, బయ్యన్న అక్కడ లేనట్టే. సుభద్రకు ఒళ్లు మండింది. ఆ మనిషి మాట వినే మూడు గంటలు దారి తప్పకుండా వచ్చామని గుర్తు చేసింది. ఆయన విననట్టు ముందుకు నడిచారు. అడవిని పుట్టినప్పటి నుంచి చదువుతున్నవాడి మాటకు అక్కడ పూచికపుల్లంత విలువ లేదు.

గుహ నోరు ఇద్దరు మనుషులు పక్కపక్కన పట్టేంత. బయ్యన్న ఒక గులకరాయి లోపలికి విసిరి చెవి పెట్టాడు. చప్పుడు లేదు. అయినా అతనికి నమ్మకం కుదరలేదు. లోపలికి వెళ్లేవాళ్లు ఒక గోడ వారగా నిలబడాలని, నడిమధ్యన దారి వదలాలని, ఎవరూ నోటికి అడ్డం నిలబడకూడదని చెప్పాడు. అడవిలో ఎవరింటికి వెళ్లినా వాళ్లు బయటపడే దారి మూయకూడదన్నది అతని పెంటలో పసిపిల్లలకు కూడా నేర్పే మర్యాద. పినాకపాణి గారు మడత కుర్చీ తెరిచి, గాలి బాగా వస్తుందని, సరిగ్గా గుహ నోటి నడిమధ్యన వేసుకుని కూర్చున్నారు.

రాయి వెనక గోడకు ఆనించి నిలబెట్టి ఉంది. దాని పాదాల దగ్గర దోసెడు చెలిమ. రాతికి కుడిపక్కన మనిషి పక్కకు తిరిగితే పట్టేంత సందు, సందు వెనక చీకటి. సుభద్ర చెలిమ నీళ్లతో రాయి కడిగింది. కాగితం తడిపి పై నుంచి కిందికి అతికించింది. కాగితం రాతికంటే జానెడు పొడవుంది, ఆ అంచు నేల మీద పరుచుకుంది. బ్రష్షుతో కొడుతుంటే కాగితం మెల్లగా అక్షరాల గుంటల్లోకి దిగింది. అది కాస్త ఆరాక పళ్లెంలో మసి సిరా పోసి, గుడ్డ బంతికి అంటించి పైపైన అద్దింది. నల్లని మసి నడుమ తెల్లని అక్షరాలు ఒక్కొక్క వరసా లేచి వచ్చాయి. ఆమె చదువుతూ పోయింది.

నాలుగో వరస దగ్గర ఆమె చెయ్యి ఆగింది. బయ్యన్నను దగ్గరికి పిలిచింది. శ్రీశైలం పోయే యాత్రికులకు దొంగల నుంచీ మృగాల నుంచీ కాపు కాసి దారి చూపినందుకు ఈ కొండ చెంచులకు ఈ చెలిమా, నాలుగు ఎల్లల నడుమ ఉన్న నేలా వాళ్ల బిడ్డల బిడ్డలకు కూడా చెందేలా ఇచ్చినట్టు అందులో ఉందని చెప్పింది. తూర్పున జువ్విచెట్ల వాగు అని ఎల్ల కూడా రాసి ఉంది. బయ్యన్న రాతి దగ్గరికి వంగాడు. అరచెయ్యి రాతి అంచు మీద పెట్టి, "మావోళ్లదేనా అమ్మా" అని ఒక్కమాట అడిగాడు. ఆమె అవునని చెప్పి, ఆ వరస మళ్లీ మొదటి నుంచి చదివింది.

కుర్చీలోంచి పినాకపాణి గారు విసుగ్గా అడిగారు. "అదంతా సరే. నిధి నిక్షేపం అని ఉందా లేదా?"

"ఉంది సార్. నిధి, నిక్షేపం, జలం, పాషాణం, ఎనిమిది భోగాలూ ఉన్నాయి. మా నాయన రాసిన ప్రతి దస్తావేజులో ఉన్నాయి. ఇచ్చినోళ్లు సమస్త హక్కులతో ఇచ్చినట్టు రాసుకునే మాట అది. రెండు గుంటల ఇంటి జాగ అమ్మినా రాస్తరు. మీ ఇంటి కాగితంల కూడా ఉంటది, చూస్కోండి."

"నాకు పాఠం చెప్పకు."

"చెప్పాల్నే సార్. ఆ మాటను బట్టి తవ్వుకుంట పోతే అచ్చంపేటల ఒక్క ఇల్లు మిగల్దు."

పినాకపాణి గారు లేచి వచ్చి రాతి మీద వేలితో తట్టారు. డొల్లగా మోగింది. ఆయన ముఖం వెలిగిపోయింది. నకలు వచ్చేసింది కదా, ఇక ఈ బండతో పనేముంది అంటూ గోనె విప్పారు. బయ్యన్న రాతికి అడ్డం నిలబడ్డాడు. ఆయన ఆ మనిషిని భుజం పట్టి తోసేశారు. ఎనిమిది వందల ఏళ్లు ఎండకూ వానకూ అందకుండా నిలిచిన రాతి మూల మీద ఒక అధికారి కాగితపు అంచు పక్కకు లాగి గునపంతో కొట్టాడు. పెళ్లలు రాలాయి. వాటితో పాటు రెండు అక్షరాలు పోయాయి.

రెండో దెబ్బకు సందులోంచి జవాబు వచ్చింది.

ముందు ఎవరో కోపంగా ఈల వేసినట్టు పీల్పు, ఆ వెంటనే గుహ అంతా అదిరే గుర్రు. సందులోంచి నల్లటి జూలు, తెల్లటి మూతి బయటికి వచ్చాయి. వీపు మీద జూలు పట్టుకుని రెండు పిల్లలు వేలాడుతున్నాయి. సుభద్ర కాగితానికి వీపు ఆనించి రాతికి అతుక్కుపోయింది. బయ్యన్న ఎడమ గోడకు జరిగి, రెండు చేతులూ కిందికి దించి, మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టాడు. "పో తల్లీ, పో. తొవ్వ నీదే" అంటున్నాడు. ఎలుగు అతని వైపు ఒకసారి చూసింది. దానికి ఎవరి మీదా పగ లేదు. దానికి కావలసిందల్లా దారి.

ఆ దారిలో మడత కుర్చీ ఉంది. కుర్చీ ముందుకు పరిగెత్తి పినాకపాణి గారు నిలబడ్డారు, చేతిలో గునపంతో.

"సార్, పక్కకు జరుగుండ్రి. గోడకు జరుగుండ్రి" అని బయ్యన్న అరిచాడు.

ఆయన జరగలేదు, గునపం విసిరారు. అది సిరా పళ్లేనికి తగిలి పళ్లెం బోర్లా పడింది. ఎలుగు నిటారుగా లేచి, మళ్లీ నాలుగు కాళ్ల మీద పడి, మసి మడుగులోంచి, సుభద్ర పాదాల పక్కనున్న కాగితపు అంచు మీదుగా ఒక్క దూకు దూకింది. ఆమె ముఖానికి దాని ఊపిరి వేడిగా తగిలింది. మరుక్షణం కుర్చీ విరిగిన చప్పుడు, పినాకపాణి గారి కేక. ఆయన ఎడమ పిక్క మీద ఒక్క చరుపు చరిచి ఎలుగు బయటికి పోయింది. పిల్లలు వీపు మీదే ఉన్నాయి. వెదురు పొదలు కొంతసేపు కదిలి ఆగిపోయాయి.

బయ్యన్న తలపాగా విప్పి ఆయన కాలికి గట్టిగా కట్టాడు. సుభద్ర కాగితాన్ని రాతి మీద నుంచి ఊడదీసింది. ఆ స్థితిలో కూడా ఎక్కడా చిరగకుండా తీసింది, చుట్టి చీర కొంగులో పెట్టుకుంది. తర్వాత మూడు గంటల దారి పినాకపాణి గారు బయ్యన్న వీపు మీద వచ్చారు. దారంతా బయ్యన్ననే తిట్టారు. ముందే గట్టిగా చెప్పి ఉండాల్సిందట.

ఆస్పత్రి మంచం మీద నుంచి ఆయన ఊరుకుని ఉంటే ఈ కథ ఇంత కోపంగా చెప్పాల్సిన పని ఉండేది కాదు. ఉత్త చేతులతో ఎలుగును తరిమికొట్టానని పేపరు వాళ్లకు చెప్పారు. ఆ మాటల్లో నోరు జారి గుప్తనిధి అన్నారు. పది రోజుల్లో ఎవరో మందుగుండుతో వచ్చి ఆ రాయిని ముక్కలు ముక్కలు చేసి, వెనక తవ్వి, ఎలుగు లద్దె తప్ప ఏమీ దొరక్క వెళ్లిపోయారు. అప్పుడాయన తన గునపం సంగతి బయటపడకుండా, ఆ గుహలో శాసనమే లేదని రిపోర్టు రాశారు. విధుల్లో అజాగ్రత్త చూపాడని బయ్యన్న మీద ఫిర్యాదు పెట్టారు. సుభద్ర కాంట్రాక్టు పొడిగించలేదు. ఒక్క సంతకంతో ఇన్ని పాపాలు చేయగలిగే చోట ఆయన ఇరవై ఆరేళ్లు ఎట్లా ఉన్నారో ఇప్పుడు తెలుస్తోంది.

మూడో అర్జీ విచారణ రోజున కమిటీ అధికారిణి బల్ల మీద సుభద్ర ఆ కాగితాన్ని పరిచింది. బల్ల చాలలేదు. పెంట నుంచి వచ్చిన ఆడవాళ్లు రెండు అంచులూ పట్టుకున్నారు. అధికారిణి వరసలన్నీ చదివించుకుని విన్నది. కఠినురాలు కాదు, కానీ పద్ధతి మనిషి. రాయి లేదు, ఫోనులోని ఫొటో ఏ గుహదైనా కావచ్చు, సర్వే వారి రిపోర్టులో శాసనమే లేదని ఉంది, మరి ఈ నకలు ఆ గుహలోనే తీశారనడానికి సాక్షి ఎవరని అడిగింది.

సుభద్ర కాగితం కింది అంచు చూపించింది. దస్తావేజులో సాక్షులు సంతకం పెట్టే చోటు అది. అక్కడ మసితో పడిన పెద్ద పంజా ముద్ర ఉంది. నాలుగు గోళ్ల గీతలే ఉన్నాయి, మధ్య గోరు లేదు. ఎప్పుడో విరిగిపోయిన గోరు.

బయ్యన్న ముందుకు వచ్చాడు. "ఎలుగు కొట్టిందని సార్ నష్టపరిహారం అడిగిండు గదమ్మా. గా ఫైలు తెప్పియ్యండి."

ఫైలు వచ్చింది. అందులో ఏ తేదీన, ఏ గుహలో ఎలుగు తన మీద పడిందో పినాకపాణి గారు స్వహస్తంతో రాసి సంతకం చేశారు. దానికి డాక్టరు పత్రం, పిక్క ఫొటో, కొలతలతో సహా జత చేశారు. నాలుగు గీతలు, మధ్యలో ఖాళీ. అధికారిణి స్కేలు తీసి ముందు ఫొటో కింద రాసిన కొలతలు చూసింది, తర్వాత కాగితం మీది ముద్రను కొలిచింది. రెండోసారి కొలిచింది. రెండు కొలతలూ ఒక్కటే.

ఆమె కలం తీసి నకలు వెనక, శాసనం నకలు రుజువుగా స్వీకరించడమైనది అని రాసి, సాక్షుల వివరం అన్న చోట ఆగి తలెత్తింది. ఏమని రాయాలని అడిగింది.

"ఉన్నదున్నట్టు రాయండి అమ్మా" అన్నాడు బయ్యన్న. "పిల్లల తల్లి. ఇల్లు ఆ గుహనే. దానిక్కూడ పట్టా లేదు."