నాలుగు ఆఠీన్లు

రేనెల్ సుత్తితో పీకాన్ కాయలు కొట్టి పప్పు గిన్నెలో వేస్తోంది. కొట్టని కాయల్ని అమ్మమ్మ ఓలీటా బల్ల మీద రెండు కుప్పలుగా పోసింది. ఆ ఇంట్లో పోకర్ నేర్చుకునేవాళ్ళకు అవే పందెం.

"ఇవాళ ఒమాహా ఆడదాం," అన్నాడు కోల్బీ, తడిసిన టోపీ దులుపుతూ.

ఓలీటా కళ్ళజోడు మీంచి చూసింది. "హోల్డెమ్ ఒక్కటే ఆడు, అది బాగా వచ్చేదాకా ఇంకోటి ముట్టుకోకు అన్నానా లేదా?"

"వచ్చేసింది, మిస్ ఓలీటా! పోతే కాయలేగా!" రేనెల్ వైపు తిరిగాడు. "అసలు కాయలే వద్దు. నేను గెలిస్తే ఈ రాత్రి డాన్సుకి నాతో రావాలి. ఓడితే జన్మలో మళ్ళీ అడగను."

రేనెల్ చేతిలో సుత్తి ఆగిపోయింది. అతను అడిగినప్పుడల్లా సిగ్గుతో "చూద్దాం" అంటూ వచ్చింది. ఇక అడగడా?

"నిజంగానా?"

"ఒట్టు!"

"అయితే పంచు, అమ్మమ్మా."

ఓలీటా చెరో నాలుగు ముక్కలు పంచింది. బల్ల మధ్య ఐదు పరిచింది. అందులో నాలుగు ఆఠీన్లే.

కోల్బీ తన ముక్కలు బల్ల మీద పరిచి, కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. "ఆఠీన్ ఆసు! బల్ల మీద నాలుగు, నాది ఒకటి, ఫ్లష్! బూట్లు తొడుక్కో, రేనెల్!"

రేనెల్ నిర్ఘాంతపోయింది. హోల్డెమ్‌లో అయితే చేతి ముక్క ఒక్కటి వాడినా చాలు, అతనే గెలిచినట్టు. ఒమాహాలో చేతి ముక్కలు కచ్చితంగా రెండు, బల్ల మీదవి మూడు వాడాలి. అతని చేతిలో ఆఠీను ఒక్కటే.

ఆమె చేతిలో ఇద్దరు రాజులున్నారు. మూడో రాజు బల్ల మీదున్నాడు.

ముక్కలు మూసి పక్కన పడేసింది. "నువ్వే గెలిచావు."

ఓలీటా చెయ్యి చాచి ఆ ముక్కలు తిప్పింది.

"ముగ్గురు రాజులు! ఈ పిచ్చివాడిది ఉత్త ఏడుల జత! ఎవరైనా ఇలాంటివి పారేస్తారా?"

కోల్బీ తన ముక్కలు చూసుకున్నాడు, బల్ల చూశాడు, రాజుల్ని చూశాడు. ముఖం పాలిపోయింది. "అంటే... నేను ఓడానా? మరి నువ్వెందుకు..."

"అబ్బ! అది కూడా నేనే చెప్పాలా?" అంది ఓలీటా తల పట్టుకుని.

రేనెల్ చెవులు ఎర్రబడ్డాయి. కొక్కేనికున్న కోటు అందుకుంది. ఇద్దరి వైపూ చూడకుండా వానలోకి నడిచి, కోల్బీ ట్రక్కు ఎక్కి కూర్చుంది.