దిబ్బ మీద అన్న మాట

దిగొద్దన్నాను. అపర్ణ దిగింది. విశాఖలో ఎమ్మెస్సీ జియాలజీ చదివే బందరు లెక్చరర్ గారమ్మాయి పడవ నడిపేవాడి మాట ఎందుకు వింటుంది?

నాగాయలంక దిగువన, కృష్ణ సముద్రంలో కలిసేచోట ఆ యేటి వరదకు కొత్తగా లేచిన దిబ్బ అది. ప్రాజెక్టుకు మట్టి శాంపిల్స్ కావాలంటూ నెల రోజులుగా నా పడవెక్కుతోంది. ఎక్కినప్పుడల్లా పాఠమే. ఎక్కడో పడమటి కొండలు ఎండకూ వానకూ పగిలి, నదిలో దొర్లి అరిగి, ఇసుకై, ఒండ్రై ఇక్కడికి చేరతాయట. నీటి వేగం తగ్గగానే ముందు బరువైన ఇసుక అడుగుకు దిగుతుందట, మెత్తటి మట్టి చివరికట. పొర మీద పొర పేరుకుని, నొక్కుకుని, లక్షల ఏళ్లకు మళ్లీ రాయవుతుందట. ఆమె చేతులు తిప్పుతూ చెబుతుంటే నేను ఆమెనే చూసేవాణ్ని. మట్టి ఎవడిక్కావాలి?

పైకి గట్టిగా కనిపించిన దిబ్బ ఐదో అడుగుకే లోపలికి లాగేసింది. తొడల దాకా కూరుకుపోయింది. నెలగా పోగేసిన మట్టి శాంపిల్స్ గొట్టం మాత్రం గుండెకు హత్తుకునే ఉంది. అప్పటికే పోటు మొదలై సముద్రపు నీరు దిబ్బ అంచు ఎక్కుతోంది.

"కదలకండి. తన్నుకుంటే ఇంకా దిగిపోతారు."

"బాబ్జీ, భయంగా ఉంది."

భయం నాకూ ఉంది. పడవ తోసే గెడతో పొడుచుకుంటూ కదిలాను. గెడకు గరగరమని తగిలితే ఇసుక, కాలు నిలుస్తుంది. చప్పుడు లేకుండా దిగితే ఒండ్రు. మా నాన్న అంకమ్మరావు నేర్పిన చదువు అదొక్కటే. ఇసుక మీదుగా చుట్టూ తిరిగి చేరేసరికి నీళ్లు ఆమె నడుము దాటాయి.

పడవలోంచి తెచ్చిన చెక్కపలక ఆమె వెనక వేసి, గొట్టం వదిలేసి దాని మీదకు వాలమన్నాను. నెల రోజుల కష్టం, వదలనంది. ఒళ్లు మండిపోయింది నాకు.

"మట్టి ఏటా వస్తుందండీ. మీరు పోతే నాకెవరొస్తారు?"

అనేశాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు. ఆమె నా వంకే చూస్తూ చేతులు వదిలింది. గొట్టాన్ని నీళ్లు లాక్కుపోయాయి. కాళ్ల చుట్టూ ఒండ్రును చేతులతో తోడి, ఒక కాలు, తర్వాత రెండో కాలు బయటికి లాగాను.

పడవలో ఇద్దరం బురదోడుతూ కూర్చున్నాం. ఆదివారం వాళ్ల నాన్నగారు ఇంట్లోనే ఉంటారట, బందరు రమ్మంది.

"వచ్చి ఆయనకు చెప్పండి."

"గెడతో ఇసుక కనిపెట్టడం గురించాండీ?"

"కాదు. ఇందాక నన్ను తిడుతూ అన్నారే, ఆ మాట."