మూడో పిలుపు

ఏది ముందు జరిగిందో, ఏది తరువాత జరిగిందో నేను తారుమారు చేయవచ్చు. మతిమరుపు మొదలైంది. ఉన్నది కాస్తా పోకముందే రాస్తున్నాను.

తొంభై మూడో, తొంభై నాలుగో. హాలియాలో ఒక ధర్మ దవాఖానలో నేను టైపిస్టును. అక్కడ ఒకే కంప్యూటర్. చెప్పులు బయట విడిచి ఆ గదిలోకి వెళ్లేవాళ్లం. దవాఖానలో చనిపోయినవారి పేర్లు రాసి ఉంచడానికి అందులో పాత డేటాబేస్ ఒకటి ఉండేది. కంటి ఆపరేషన్ల శిబిరం పెడుతున్నారని, ఆ రోగుల పేర్ల కోసం నల్లగొండ నుంచి అమరేందర్ అనే అబ్బాయి వచ్చి ఇంకో డేటాబేస్ ఎక్కించాడు.

రెండూ ఒకే మిషన్‌లో ఇమడలేదు. కొత్తదాన్ని పిలిస్తే పాతది వచ్చేది. పాతదాన్ని తీస్తే తెర బిగుసుకుపోయేది. అమరేందర్ రెండు రోజులు తల పట్టుకుని కూర్చున్నాడు.

"రెండిటిని పిలిచే పేరు ఒక్కటే అక్కా," అన్నాడు చివరికి. "వరుసల ముందున్నది పలుకుతాంది. కొత్తదాన్ని ముందట రాయి. రాసినంక మిషన్ బంద్ చేసి మళ్ల చాలూ చెయ్యి. గప్పటిదాక దానికి పాత వరుసే యాదికుంటది."

కొత్తదాన్ని ముందు రాశాను. బంద్ చేయడం మరిచిపోయాను.

నలభై మంచాలు, నలభై పేర్లు. శిబిరం జాబితా అచ్చు కొట్టి, కాగితం బయటికి రాగానే ఒక్క పేరు కోసమే వెతికాను. మా అమ్మకు రెండు కళ్లలోనూ పొరలు. ఈసారి ఆపరేషన్ కాకపోతే చూపు పోతుందని డాక్టరు చెప్పాడు. 'గోపమ్మ, కేతేపల్లి.' ఉంది. మిగతాది చూడలేదు.

మరునాడు మధ్యాహ్నం కంటి చుక్కల గదిలో అమ్మ పక్కన కూర్చున్నాను. చుక్కలు వేసిన కళ్లకు వెలుతురు పడదని కిటికీలకు నల్లగుడ్డలు కట్టారు. స్పిరిట్ వాసన, తలలకు రాసిన ఆముదం వాసన. ఎక్కడో జనరేటర్ మోత. గోడ పొడుగునా ముసలమ్మలు కళ్లు మూసుకుని కూర్చున్నారు. గది చివర ఇంకో తలుపు. దాని అవతల ఆపరేషన్లు.

అటెండర్ ఎల్లస్వామి గుమ్మంలో నిలబడి కాగితం చదువుతున్నాడు.

"సాలమ్మ."

"ఉన్న."

"లోపటికి నడువు. గుర్వమ్మ."

"ఉన్న."

"ఇయ్యాల అవ్వలు మస్తు హుషారున్నరు, నిర్మలమ్మా," అని నవ్వాడు నాతో. "రోజు మూడుమాట్ల మొత్తుకుంటే గాని ఒక్కలు పలకరు."

నిజమే. మా దిక్కు ముసలివాళ్లెవరూ మొదటి పిలుపుకు పలకరు. పిలిచేది మనిషో కాదో తెలియదు. మూడోసారి పిలిస్తేనే మనిషి.

అమ్మ నా చెవి దగ్గరికి వంగింది. "బిడ్డా... ఉన్న, ఉన్న అంటున్నరు గని, ఒక్కలు లేస్తలేరు."

"చుక్కలేసిండ్రు గదనే. నీకు కనిపిస్తలేదు."

"కనిపియ్యకుంటేంది. ఇనపడ్తది గద. చీర చప్పుడన్న లేదు."

చీకట్లోకి చూశాను. వరుస అలాగే ఉంది. ఒక్క ఖాళీ కూడా లేదు. గది చివర తలుపు మాత్రం తెరుచుకుంటోంది... మూసుకుంటోంది.

అమరేందర్ చెప్పుల్లేకుండా వచ్చి నా పక్కన కూలబడ్డాడు. చేతిలో అదే కాగితం ఇంకో ప్రతి.

"అక్కా... పేర్ల పక్కన తారీఖులు చూసినవా?"

గుమ్మం వెలుతురులో అప్పుడు చూశాను. అవి చనిపోయిన తేదీలు. కేతేపల్లిలో ఇంకో గోపమ్మ ఉండేది. రెండేళ్ల కిందట ఇక్కడే పోయింది.

"గోపమ్మ," అన్నాడు ఎల్లస్వామి.

"ఉన్న."

అమ్మ పెదవులు కదలలేదు. గొంతు అమ్మదే.

అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నన్నే పిలిచిండు గద. మూడుమాట్ల పిలవకముందే పలికిందెవలు? నేను గూడ పలకన్నా?"

ఆమె నోరు మూశాను. అలాగే రెక్క పట్టుకుని బయటికి తీసుకువచ్చాను. ఎండ. ఆమె కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"నా జాగ ఇంకెవలకన్న ఇచ్చినవా, బిడ్డా?"

నా కొంగు ఆమె కళ్లకు అడ్డం పట్టాను.

సాయంత్రం డాక్టరు చేతులు కడుక్కుంటూ నలభై ఆపరేషన్లూ అయ్యాయని అన్నాడు. వార్డులో నలభై మంచాల మీద దుప్పట్లు పరిచినవి పరిచినట్టే ఉన్నాయి. చుక్కల గదిలోని వాళ్లు చీకటి పడేదాకా కూర్చుని, ఎవరూ పిలవలేదని లేచి ఇళ్లకు వెళ్లిపోయారు. ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు. శిబిరం మళ్లీ రాలేదు. అమ్మ ఇంకా పదకొండేళ్లు బతికింది, చూపు లేకుండా.

ఆపరేషన్ కాగితాలు సర్దింది నేనే. నలభై వేలిముద్రలు. గోపమ్మ పేరు కింద ఉన్న ముద్రలో అడ్డంగా ఒక గీత, కొడవలితో తెగిన గాటు. అమ్మ బొటనవేలికి అదే గాటు. ఇంటికి వెళ్లి ఆమె వేలు చూశాను. సిరా లేదు.

మంజులతా, నీవు నా చెల్లెలి బిడ్డవు, అమ్మమ్మ ఊరివాళ్లంతా నీకు తెలుసు. ఈ పేర్లు సరిగ్గా రాశానో లేదో చూడు. కళ్లతోనే చూడు. పైకి చదవకు.