పొయ్యి వెనక గొంతు

ఆ ఇంటి వంటగదికి చెడ్డపేరుంది.

ఇంటికి కాదు సుమా, ఒక్క వంటగదికే. ముందుగదిలో అర్ధరాత్రి దాకా కూర్చుని కబుర్లు చెప్పుకున్నా ఎవరికీ ఏమీ కాలేదు. మేడ మీద ఒంటరిగా పడుకున్నా ఏమీ కాలేదు. కానీ దీపం తీసేశాక ఆ వంటగది గడప దాటిన ఆడమనిషికి మాత్రం... పొయ్యి వెనక గోడలోంచి ఒక గొంతు వినిపిస్తుందట.

పెద్ద గొంతేం కాదు. ఊపిరిలో కలిసిపోయిన గొంతు.

"నాకో ముద్ద..."

అంతే. ఇంకేమీ అనదు.

ఎప్పుడో ఆ ఇంటికి కాపురానికొచ్చిన ఒక కోడలు, అందరూ పడుకున్నాక దొంగచాటుగా అన్నం తింటూ, ముద్ద గొంతుకి అడ్డంపడి ఆ పొయ్యి దగ్గరే చచ్చిపోయిందని చెప్పుకునేవాళ్ళు. ఎప్పుడు? తెలీదు. ఎవరి పెళ్ళాం? అదీ తెలీదు. చచ్చినదాని పేరు ఒక్కళ్ళకీ తెలియదు గానీ, ఏం తింటూ చచ్చిందో మాత్రం అందరికీ తెలుసు! నాకీ కథ చెప్పినావిడ ఇక్కడికి రాగానే ఆగి నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకు నవ్వు రాలేదు.

కథంతా ఆ తర్వాతెప్పుడో ఆ ఇంటికొచ్చిన ఇంకో కోడలిది. ఆవిడని ఇంట్లో అందరూ కొత్తమ్మాయి అనేవాళ్ళు. కాపురానికొచ్చిన రోజున అత్తగారు పెట్టిన పిలుపు అది. జుట్టు నెరిసింది, మోకాళ్ళు పట్టేశాయి, కొడుక్కి పెళ్ళి కూడా చేసింది... అయినా కొత్తమ్మాయి కొత్తమ్మాయే.

వచ్చిన కొత్తలోనే అత్తగారు ఆవిడని వంటగది గుమ్మంలో నిలబెట్టి, గొంతు తగ్గించి చెప్పింది.

"దీపం తీశాక ఇటు రాకమ్మాయ్. నీ మంచికే చెబుతున్నా."

కొత్తమ్మాయి లోలోపల నవ్వుకుంది. అలాంటివి నమ్మే రకం కాదు. పైగా ఆకలికి అస్సలు ఆగలేని మనిషి. ఆ ఇంట్లోనేమో కోడలు ఆఖర్న తినాలి, అడుగున మిగిలిందే తినాలి. గరిటె గిన్నెకి గట్టిగా తగిలితే చాలు, పక్కగదిలోంచి అత్తగారు దగ్గేది.

ఒక రాత్రి కడుపులో ఎలుకలు పరిగెడుతుంటే నిద్ర పట్టలేదు. మెల్లగా లేచి, గోడ పట్టుకుని, చప్పుడు చేయకుండా వంటగదిలోకి వెళ్ళింది. గూట్లో గిన్నె మీద మూత తీసింది. తీసిందో లేదో—

"నాకో ముద్ద..."

మూత చేతిలోంచి జారిపోయింది. తెల్లారేసరికి ఒళ్ళు పేలిపోయే జ్వరం. అత్తగారు నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ, "నే చెప్పలా?" అంది. ఎంత ప్రేమగా అందో!

ఇక ఆ తర్వాత రాత్రిపూట ఆ వైపు కన్నెత్తి చూడలేదు కొత్తమ్మాయి. నీళ్ళు తాగి పడుకునేది.

అంతలో నెల తప్పింది.

కడుపుతో ఉన్నప్పటి ఆకలి నీళ్ళకి లొంగుతుందా? పగలు ఎలాగో గడిచిపోయేది. రాత్రయ్యేసరికి కళ్ళు తిరిగేవి. ఆ రోజుల్లోనే అత్తగారు, వాళ్ళ అక్కకి బాగాలేదంటే చూడ్డానికి ఊరెళ్ళింది. ఇంట్లో మిగిలింది కొత్తమ్మాయి, ఆవిడ భర్త. ఇద్దరే.

తన ఆకలైతే ఓర్చుకునేదే. లోపలున్నది ఓర్చుకోనివ్వలేదు. చీకట్లో పొయ్యి ముందు నిలబడి, చేతులు జోడించినంత పని చేసి, "ఒక్క ముద్దమ్మా... నాకు కాదు, బిడ్డకి..." అని గోడతో చెప్పుకుంది. గిన్నెలో చెయ్యి పెట్టింది.

గోడ ఊపిరి పీల్చింది.

"నాకో... ముద్ద..."

పరిగెత్తింది. గడప తన్నుకుంది. బోర్లా పడింది.

కడుపు పోయింది.

"అది అడిగింది, నువ్వు పెట్టలేదు. తనే తీసుకుపోయింది" అంది అత్తగారు ఊరి నుంచి వచ్చాక. కొత్తమ్మాయి నమ్మింది. ఎందుకు నమ్మదు? చెవులారా విన్నది కదా! నా నోటి కక్కుర్తికి నా బిడ్డని నేనే పొట్టన పెట్టుకున్నానని నమ్మింది. ఆ మాట ఎవరూ అనక్కర్లేకుండా తనకి తనే రోజూ అనుకునేది.

అంత ఏడుపులోనూ ఆవిడకి దక్కింది ఒక్కటే... భర్త మంచితనం. ఆ రాత్రి పడిన మరుక్షణంలో, ఇంకా నోరు తెరిచి పిలవనైనా లేదు, పరుగున వచ్చి ఎత్తుకున్నాడు. ఆ తర్వాత ఒక్కనాడు కూడా "అసలెందుకెళ్ళావు?" అనలేదు. "పోనీలే, మన రాత" అని తల నిమిరేవాడు. ఇంకొకడైతే జీవితాంతం దెప్పిపొడిచేవాడు కాదూ! ఆ ఒక్క మంచితనానికి కొత్తమ్మాయి తనని తాను రాసిచ్చేసింది. ఆయన ఎంత విసుక్కున్నా పడింది. అత్తగారు మంచాన పడితే చివరిదాకా చాకిరీ చేసింది. నలుగురిలో కూర్చుంటే "మా ఆయన బంగారమమ్మా" అని మురిసిపోయేది.

తర్వాత కొడుకు పుట్టాడు. పెరిగాడు. పెళ్ళి చేసుకుని వేరే ఊళ్ళో కాపురం పెట్టాడు. అత్తగారు పోయింది, ఆవిడ గది మూతపడింది. ఇన్నాళ్ళకి కొడుకు ఉద్యోగం సొంత ఊరికే మారింది. వాడూ కోడలూ ఈ ఇంటికే వచ్చేస్తున్నారు.

కోడలు కడుపుతో ఉంది.

కబురు విన్న కొత్తమ్మాయి ఎగిరి గంతేసినంత సంబరపడింది. మరుక్షణం వంటగది వైపు చూసింది.

"ఏవండీ, వంటగది మొత్తం పీకించేద్దాం" అంది.

"ఇప్పుడెందుకోయ్? లక్షణంగా ఉందిగా."

"కోడలు వచ్చేలోపు దాన్ని ఇంట్లోంచి తరిమెయ్యాలి. నా బిడ్డని తీసుకుపోయింది. కోడలి బిడ్డ జోలికి రానివ్వను."

ఆయన వంటగది గుమ్మం దాకా వెళ్ళి వచ్చాడు. "నీ ఇష్టం. పొయ్యి వెనక గోడ మాత్రం ముట్టుకోవద్దను. కప్పు బరువంతా దాని మీదే ఉంది" అన్నాడు. పాపం, నాకు భయమని ఎంత ఆలోచిస్తున్నాడో అనుకుంది పిచ్చితల్లి.

మేస్త్రి వచ్చాడు. ఇక ఇల్లు ఇల్లులా లేదు. పాత అలమరాలు ఊడొచ్చాయి, మసిపట్టిన సున్నం పెచ్చులుగా రాలింది, గిన్నెలు కడిగే కొత్త తొట్టి తెచ్చి నడవాలో పెట్టారు, టైల్స్ పెట్టెలు ముందుగది నిండా. వరండాలో చిన్న పొయ్యి మీద వంట. ఏం వండినా అందులో సిమెంటే. "ఎప్పటికయ్యా?" అంటే "రేపటికమ్మా" అనేవాడు మేస్త్రి. మేస్త్రీల రేపు ఎంత పొడుగో ఇల్లు బాగు చేయించుకున్నవాళ్ళనడగండి!

అన్నీ పీకేశాక ఆ ఒక్క గోడ మిగిలింది, నల్లగా, మొండిగా. అటు వెళ్ళినప్పుడల్లా కొత్తమ్మాయి దానికి దూరంగా తప్పుకుని నడిచేది. చుట్టూ కొత్త వంటగది కట్టి, దాన్ని మాత్రం అలాగే ఉంచితే ఏం ప్రయోజనం?

"రేపు పొద్దున్నే ముందు దీని సంగతి చూడు" అంది మేస్త్రితో.

"అయ్యగారు వద్దన్నారమ్మా. రెండుసార్లు మరీ మరీ చెప్పారు."

"అయ్యగారితో నేను చెప్తాగా."

చెప్పింది. ఆయన నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. కంచం పక్కకి నెట్టి, లేచి వెళ్ళిపోయాడు.

పొద్దుపోయింది. మేస్త్రి సుత్తీ తట్టా అక్కడే వదిలేసి ఇంటికెళ్ళాడు. వంటగదిలోంచి బొట్టు బొట్టుగా నీళ్ళ చప్పుడు... కొళాయి సరిగ్గా కట్టినట్టు లేరు. కడదామని వెళ్ళింది కొత్తమ్మాయి. గుమ్మంలో స్విచ్ నొక్కింది. వెలగలేదు. వెలగదు మరి... తీగలన్నీ పీకేశారుగా!

ఆగింది. వెనక్కి పోదామనుకుంది. ఛీ, ఈ వయసులోనూ భయమేనా, రేపు కోడలికి ఏం ధైర్యం చెబుతాను అనుకుని చీకట్లోనే కాలు లోపల పెట్టింది. మట్టిపెళ్ళలు కాళ్ళకింద కరకరలాడుతున్నాయి. కొళాయి బిగించింది. నీళ్ళ చప్పుడు ఆగింది.

అప్పుడు వినిపించింది...

పొయ్యి వెనక గోడలోంచి... గుసగుసగా... ఒక ఊపిరి.

కొత్తమ్మాయి కొళాయి పట్టుకునే ఉండిపోయింది.

"...పడగొడితే... బయటపడిపోతుంది..."

ముద్ద అడగడం లేదది. బతిమాలుతోంది! గోడ పడగొట్టొద్దని దెయ్యం బతిమాలుతోంది!

"...మీ అమ్మకి తెలియకూడదు..."

ఎవరి అమ్మకి? దెయ్యానికి మాట్లాడ్డానికి ఇంకో మనిషి ఎక్కణ్ణుంచి వచ్చాడు?

"...నవ్వకురా వెధవా! చెప్పేది విను..."

ఆ తిట్టు కొత్తమ్మాయికి తెలుసు. కొడుకుని అలా తిట్టే మనిషి ఆ ఇంట్లో ఒక్కడే.

మెల్లగా గోడకి చెవి ఆనించింది.

"...నానమ్మ నాకు చూపించింది, నువ్వు వచ్చాక నీకు నేను చూపిద్దామనుకున్నా. ఆవిడ మంచం పక్కన, పటం వెనకాల ఓ గొట్టం ఉంది. ఇక్కడ మూతి పెట్టి అంటే అక్కడ పొయ్యి దగ్గర వినబడుతుంది. ఏం లేదురా, కొత్త కోడళ్ళు అదుపులో ఉంటారని పెద్దవాళ్ళు పెట్టుకున్న ఏర్పాటు. ఒక్కసారి విన్నారంటే చాలు... మీ అమ్మ చూడు, ఇప్పటికీ రాత్రి వంటగది గడప దాటదు..."

మళ్ళీ ఆగాడు. అవతలివాడు నవ్వుతున్నాడు కాబోలు, తనూ చిన్నగా నవ్వాడు.

నానమ్మ చూపించిందట. అంటే అంతా అత్తగారి పనే! ఆ మాటకి కొత్తమ్మాయికి కోపం కూడా రాలేదు. ఆవిడ మంచిదని ఎప్పుడైనా అనుకుంటే కదా! కానీ... ఆ రాత్రి? బిడ్డ పోయిన ఆ రాత్రి అత్తగారు ఊళ్ళో లేదు.

ఇంట్లో ఉన్నది ఇద్దరే. ఒకరు పొయ్యి ముందు నిలబడ్డారు. మరి ఇంకొకరు?

పిలవకముందే వచ్చాడు. పక్కగదిలోనే ఉంటే రాడూ!

అప్పుడు పగిలింది ఆవిడ గుండె. బిడ్డ పోయినప్పుడు కూడా ఇంత ఏడుపు రాలేదు. అప్పుడు ఏడవడానికి ఒక మనిషి భుజం ఉంది. నమ్మించి గొంతు కోసిన భుజమని ఇప్పుడు తెలిసింది. తల నిమిరిన ప్రతిసారీ, "మన రాత" అన్న ప్రతిసారీ వీడికి తెలుసు. తెలిసే నిమిరాడు.

చీకట్లో తడిమింది. మేస్త్రి సుత్తి చేతికి తగిలింది.

ఒక దెబ్బ. గోడ కదల్లేదు. ఇంకో దెబ్బ. మసి రాలింది. బలమంతా కూడదీసుకుని ఇంకోటి వేసింది. ఇటుకలు అవతలికి జారిపడ్డాయి, దుమ్ము లేచింది. దుమ్ములోంచి వెలుగు వచ్చింది. వంకరగా పోయే మట్టిగొట్టం ఒకటి సగానికి విరిగి వేలాడుతోంది. దాని వెనక ఒక చేత్తో పటం, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని, తెల్లగా పాలిపోయిన భర్త మొహం.

ఇద్దరూ కంతలోంచి ఒకరినొకరు చూసుకున్నారు.

"ఆ రాత్రి అత్తగారు ఊళ్ళో లేరు" అంది కొత్తమ్మాయి.

"ఇప్పుడవన్నీ..."

"లేరు కదా?"

ఆయన తల దించుకున్నాడు. "అమ్మే చెప్పి వెళ్ళింది, రాత్రిపూట ఓ కంట కనిపెట్టమని. భయపడి వెనక్కొచ్చేస్తావనుకున్నా. పరిగెడతావని నాకేం తెలుసు?"

"పోనీ, తెలియదు. తర్వాతైనా చెప్పలేదేం? నా బిడ్డని నేనే చంపుకున్నానని ఇన్నేళ్ళు ఏడుస్తుంటే పక్కనే పడుకున్నారుగా... ఒక్కసారైనా చెప్పలేదేం?"

ఆయన చేతిలో పటాన్ని మంచం మీద పెట్టాడు.

"చెబితే నువ్వు ఉండేదానివా?"

కొత్తమ్మాయి సుత్తి కింద పెట్టింది. కంతలోంచి చెయ్యి చాపింది.

"ఫోనివ్వండి."

ఇచ్చాడు. ఇవ్వక ఏం చేస్తాడు! అవతల కొడుకు "నాన్నా! ఏమిటా చప్పుడు? నాన్నా!" అని అరుస్తున్నాడు.

"నేనురా. ఫోను నీ పెళ్ళానికివ్వు."

"అమ్మా, అది కాదు, నాన్న సరదాకి..."

"ఇవ్వమన్నానా."

అటు ఫోను చేతులు మారింది. తర్వాత కోడలి గొంతు, బెదురుబెదురుగా.

"అత్తయ్యా... ఈయనేదో చెప్పి నవ్వుతున్నారు. మన వంటగదిలో దెయ్యం ఉందటగా, నిజమేనా?"

"నిజమేనమ్మా. నువ్విప్పుడు ఇక్కడికి రావద్దు. నేనే నీ దగ్గరికి వస్తున్నా. వాడి సంగతి వచ్చి చూస్తా. ఈలోగా రాత్రి ఎప్పుడు ఆకలేస్తే అప్పుడు లేచి, లైటు వేసుకుని, కడుపు నిండా తిను."



"అంటే... మీరు దాన్ని చూశారా అత్తయ్యా?"

కొత్తమ్మాయి కంతలోంచి చూస్తూనే ఉంది.

"ఇదిగో, ఎదురుగానే ఉందమ్మా, గోడకవతల తలొంచుకుని. ఇన్నేళ్ళూ నేను కాపురం చేసింది దీంతోనే."